కొత్త నెంబరు నుంచి వచ్చిన పాప

ఒరేయ్ చిన్నోడా,

మొన్న కొత్త నెంబరు నుంచి ఫోన్ చేసి, "పిన్నీ, పాప పుట్టింది! లింకు పంపాను, తొందరగా నొక్కి ఫొటో చూడు" అన్నది నువ్వేనని ఇప్పుడు తెలుసు. నన్నేమీ అనకు. కంపెనీ కంప్యూటర్లకి కాపలా కాసే నువ్వే కదరా నాకు నేర్పింది? తొందరపెట్టేవాణ్ణీ, లింకు నొక్కమనేవాణ్ణీ నమ్మొద్దన్నావు. నీ గొంతే వినిపించినా, మనిద్దరికే తెలిసిన ప్రశ్న ఒకటి అడగమన్నావు.

అడిగాను. చిన్నప్పుడు ఉరుముకి భయపడితే ఏం కప్పుకునేవాడివని. ఆనందంలో జవాబు చెప్పడం మాని పకపకా నవ్వావు. "దొంగ వెధవా, పసిగుడ్డుని అడ్డం పెట్టుకుంటావా!" అని దులిపేశాను. "శభాష్ పిన్నీ!" అంటూ ఏడ్చేశావు. ఫోన్ కట్ చేశాక గానీ నాకు వెలగలేదు, తిట్లకి మురిసిపోయే దొంగ ఎక్కడుంటాడని.

నీ పాత నెంబరు పలకడం లేదు. కొత్తదానికి చేద్దామంటే నీ పాఠమే అడ్డొస్తోంది, అందుకే ఈ ఉత్తరం. ఆ లింకు ఇంకా నొక్కలేదురా. చూసి చూసి ఫోన్ బోర్లా పెట్టేస్తున్నాను. ఫొటో వద్దుగానీ, పాపని ఎత్తుకుని మీరే రండి. గుమ్మంలో ఏ ప్రశ్నా అడగను.

దారిలో ఎవరైనా విప్పి చదవొచ్చని నువ్వే చెప్పావుగా, అందుకే ఆ ప్రశ్నకి జవాబు ఇందులో రాయడం లేదు. ఆ జవాబునే కత్తిరించి పాపకి చిన్న బొంత కుట్టాను. నువ్వే వచ్చి కప్పు.

మీ పిన్ని