మాస్కు వెనకాల కట్టిన పాట

మల్లన్నా,

ఈరోజు మన కార్ఖానాలో మాస్కులు తీసేయమన్నారు.

మగ్గాల మోతలో నీ గొంతు ఎవరికీ వినపడేది కాదు. సూరత్ వచ్చిన నాటినుంచీ నీ పెదవులు చూసే నువ్వు కట్టిన పాటలన్నీ నేర్చుకున్నాను. కరోనా కాలంలో ఓ కొత్త పాట కట్టావు. మాస్కు గుడ్డ కదలడమే కనిపించేది. అడిగితే, "ఆగు తమ్మీ, ఐతారం రూముల పాడి ఇనిపిస్త" అన్నావు. ఆదివారానికల్లా నువ్వు ఆసుపత్రిలో ఉన్నావు. నీ మొహమైనా చూపించకుండానే దహనం చేసేశారు.

ఇవాళ ఎదుటి మగ్గం రాజయ్య నా పెదవులు చూసి దగ్గరికొచ్చాడు. "ఏం పాటరా అది? ఒక్క మాట సమజైతలేదు" అని చెవిలో అరిచాడు.

నీ ఆఖరి పాటే, మల్లన్నా. మాటలు నాకూ తెలియవు. ఊరికే పెదవులు కదుపుతున్నాను.