అతుకు లేని ఉక్కు దిమ్మ

బావా,

నీ తద్దినం భోజనాలయ్యాక నీ కూతురు ఇటుకంత ఉక్కు దిమ్మ ఒకటి నా ముందు పెట్టింది. నువ్వు పోయిన రొయ్యల ఫ్యాక్టరీలాంటి వాటి కోసం తనే గీసిన నమూనా అట. ఉక్కు పొడిని పొర మీద పొర పరిచి, లేజరుతో కరిగించి అచ్చు తీస్తారట. సగానికి కోయించి తెచ్చిన ఇంకోటి కూడా చూపించింది. లోపల రొయ్యల్ని గడ్డకట్టించే అమోనియా ఒక దారిన, నీళ్ళు ఒక దారిన పారుతూ, కలవకుండానే వేడి మార్చుకుంటాయి. వెతికినా ఒక్క అతుకు లేదు. నెల్లిమర్లలో మనిద్దరం రేడియేటర్లకు అతుకులేసుకునే బతికాం కదా, నాకు ఒళ్ళు మండింది.

"ఇది కారితే ఎక్కడ అతుకేస్తావే?"

"ఎయ్యలేం మావా. బయట్నుంచే వాల్వులు కట్టేసి, గ్యాసు పోయాక దీన్ని ఇప్పి పారేసి కొత్తది పెట్టడమే."

"బాగుసెయ్యలేంది కూడా ఒక డిజైనేటే? మీ నాన్న ఇంటే నవ్వును."

"నాన్న బాగుసెయ్యడానికే కదా మావా లోపలికెల్లాడు."

ముక్కుకు తడి తువ్వాలు చుట్టుకుని, చిన్న అతుకు పనే అంటూ కారుతున్న ఆ అమోనియా గ్యాసులోకి నడిచావు నువ్వు. ఇక మీదట మనలాంటి వాళ్ళ అవసరమే పడకుండా చేస్తోంది నీ కూతురు. మంచి పనే చేస్తోందని నీకు చెప్పాలనిపించింది.