లాంగ్ రూటు

మార్చి 3

మళ్లీ సిటీ రూటే ఇచ్చారు. లాంగ్ రూటు అడిగితే డిపో మేనేజర్ మొహం అటు తిప్పుకుని, ఏమీ అనుకోకమ్మా, డాక్టరు సంతకం పెడితే బస్సు తాళాలు నీవే అన్నాడు. నా డ్రైవింగ్‌కి వంక పెట్టేవాడు ఇంకా పుట్టలేదు. పేగే పరువు తీసింది. కొలైటిస్, పెద్దపేగు వాపు. ఏ పెట్రోలు బంకులో టాయిలెట్ శుభ్రంగా ఉంటుందో నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

మార్చి 9, మధ్యాహ్నం

పేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే స్కోపీ అయింది. డాక్టరమ్మ స్క్రీన్ చూపించి మరీ చెప్పింది. కాపలా కాయాల్సిన ఇమ్యూన్ సెల్స్‌కే తిక్కరేగి ఇన్నాళ్లూ సొంత పేగు గోడనే పుండు చేశాయట. మందుతో గొడవ చల్లబడ్డాక, వాటిలోనే కొన్ని చెత్త ఎత్తిపోస్తూ, కొత్త పొర పెరగడానికి సాయం చేస్తున్నాయట. కొట్టిన చేతులతోనే కట్టు కడుతున్నాయన్నమాట. కంటికి బాగుంటే చాలదు, పరీక్షకి చిన్న ముక్క తీశాం, మైక్రోస్కోపులో కూడా బాగుంటేనే సంతకం అంది.

మార్చి 10

రిపోర్టు రాలేదు.

మార్చి 13

మా ఆయన ఆ స్కోపీ ఫొటోని ఫోన్‌లో వాల్‌పేపర్‌గా పెట్టుకున్నాడు. సిగ్గులేదా అంటే, పెళ్లాం లోపలి అందం కూడా చూసిన మొగుణ్ని నేనొక్కణ్నే అని కోతలు. అత్తయ్య అది చూసి, ఎవరి పాపాయి నోరురా, ఒక్క పన్నూ రాలేదు, భలే ముద్దుగా ఉంది అని మురిసిపోయింది. నిజం చెప్పాక కూడా, అయితే ఏం, ముద్దుగానే ఉందిగా అంది. కడుపు పట్టుకుని నవ్వాను. నొప్పి లేకుండా కడుపు పట్టుకుని ఎన్నాళ్లయిందో.

మార్చి 17

వచ్చింది! పొర అతుక్కుంది. వాపు లేదు. మందు మానావో ఊరుకోను అని వేలు చూపించి మరీ డాక్టరమ్మ సంతకం పెట్టింది. ఆసుపత్రి మెట్ల మీదే కూర్చుని ఏడ్చేశాను. సంతోషం. ఒట్టి సంతోషం.

మార్చి 20

లాంగ్ రూటు! హైవే ఎక్కగానే స్టీరింగ్‌ని ముద్దు పెట్టుకోవాలనిపించింది. ఉన్నట్టుండి చూస్తే బస్సు బంకులో ఆగి ఉంది. ఆపింది నేనే. పాత అలవాటు, చేతులు వాటంతటవే తిప్పేశాయి. కండక్టరు పరిగెత్తుకొచ్చి, ఏంటక్కా, మళ్లీ మొదలైందా అని గాభరాపడ్డాడు. నొప్పా? లేదు. అర్జెంటా? అదీ లేదు. స్టాపు కాని చోట బస్సు ఆపి ఏం చెప్పను? టాయిలెట్ అవసరమైనవాళ్లు దిగండి అని గట్టిగా అరిచాను. సగం బస్సు ఖాళీ. అందరికంటే ముందు దిగింది కండక్టరే. ఒక పెద్దావిడ నా చేయి పట్టుకుని, చల్లగా ఉండమ్మా, అడగడానికి మొహమాటపడి చస్తున్నాను అంది. నేను సీట్లోంచి లేవలేదు.

మార్చి 21

ఇవాళ బంకు దాటిపోయాక ఆపండి ఆపండి అని వెనక నుంచి ఒకటే కేకలు. బంకులో ఆపుతామని అందరికీ చెప్పానక్కా అని కండక్టరు లబోదిబోమన్నాడు. నాకసలు బంకు గుర్తే లేదు. గుర్తే లేదు!