మడతలో పడ్డ రేవు

ప్రియమైన అక్కా,

జరిగింది అన్యాయం, చేసింది నువ్వు. ఈ మాటను క్షేమసమాచారాల కింద దాచే మర్యాద నాకు లేదు. ఓడ కంపెనీ నుంచి నిన్న వచ్చిన కవరు చించి చూస్తే, నాలుగు రేవుల్లోనూ మన నలుగురి పేర్లూ వాళ్ల బస్సు యాత్రల్లో ఎక్కించి ఉన్నాయి. కింద సంతకం నీది. ఒక్క మాట అడిగావా?

ఆ బస్సుల సంగతి నాకు తెలుసు. ఛాతీకి అంకె అంటించుకోవాలి. ముందొకడు గొడుగెత్తి నడుస్తుంటే నలభై మంది వెనక పడాలి. పావుగంట పాత గోడలు, ముప్పావుగంట తివాచీల దుకాణం. మనుషుల్ని పార్శిళ్లు చేసే పద్ధతి ఇది. రోజంతా గిడ్డంగిలో పార్శిళ్లు వేరుచేసేవాణ్ణి, నాకు తెలియదా?

సెలవుల రద్దీ తగ్గాక బయల్దేరడం, నలుగురికీ కలిపి కిటికీ లేని ఒకటే గది తీసుకోవడం, ఒడ్డున మన కాళ్ల మీద మనం తిరగడం: ఇవన్నీ మనిద్దరం కూర్చుని తేల్చుకున్నవే. ఆ బస్సులెక్కితే ఓడ కంటే ఒడ్డే ఖరీదవుతుంది.

బైండింగు షాపులో అమ్మకి ఇంక నెలే పని. ముప్పై ఏళ్లుగా ఆవిడ అట్లాసు కాగితాలు మడుస్తోంది. మధ్యధరా సముద్రాన్ని సరిగ్గా సగానికి మడిచి, చెక్క బద్దతో గీకి, పక్కన పెట్టి, మళ్లీ ఇంకో సముద్రం అందుకుంటుంది. కళ్లు మూసుకుని ఒక్కసారి చూడక్కా. అదే నీలం, కానీ మడత లేదు. కదులుతోంది. సున్నం వేసిన మెట్ల సందులు, వాటి చివర ఎండ, తాళ్ల మీద ఎవరివో దుప్పట్లు గాలికి నింపాదిగా ఊపిరి తీస్తున్నాయి. అమ్మ ఆ సందులో నడుస్తోంది. అలాంటిచోట ఆమె ముందు గొడుగు పట్టిన మనిషిని నిలబెడతావా?

హాల్లో ఫోనెత్తితే అమ్మకి తెలిసిపోతుందని, ఆవిడకి చెప్పకుండా తీసుకెళ్లాలని, ఈ ఉత్తరం. ఖండిస్తున్నాను.

మండిపడుతూ,
నీ తమ్ముడు


ప్రియమైన అగ్గిపెట్టెకి,

నీ ఉత్తరం చదివేసరికి ల్యాబులో మైనం మెత్తబడింది. కట్టుడు పళ్ల అచ్చు ఒకటి పాడైంది, ఆ ముసలాయన నిన్ను తిట్టుకుంటూ ఇంకో వారం గంజి తాగుతాడు.

నాన్న నాకు పని దగ్గరికి ఫోన్ చేశారు. ఓడ మనల్ని వదిలేసి వెళ్లిపోతే ఎలా అని మూడుసార్లు అడిగారు. బతుకంతా ట్రామ్ నడిపి ఒక్కపూట ఆలస్యం కాని మనిషి, ఆయన భయం నీకు తమాషాగా ఉండొచ్చు. కంపెనీ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. నీ వెనక నడిచొచ్చి ఆలస్యమైతే ఆగదు. దానికి నువ్వు చదివే ఏ విప్లవ కరపత్రంలో జవాబుంది?

అమ్మ సంగతి చెప్పు. ఉన్న ఊళ్లో కూరలకి వెళ్లాలన్నా మనలో ఎవరో ఒకరు తోడుండాలి. భాష తెలియని ఊళ్లో ఆవిడని నీ చేతికెలా వదలను?

నాకూ కల ఉంది. ఆ కలలో అమ్మ ఓడ పైకప్పు మీద చెప్పులు విప్పి కూర్చుంటుంది. ఎవరో పెట్టిన గిన్నెలో ఎవరో చేసిన వంట. లేచి కడగక్కర్లేదు. నీళ్ల వెలుతురు మొహం మీద ఆడుతుంటే కునుకు తీస్తుంది. అంతే.

బస్సులకి ఒప్పుకో. లేదంటే నేను తప్పుకుంటాను. గది నలుగురి మీద పంచుకుంటేనే మనకి అందుతుంది, ముగ్గురికి అందదు. అప్పుడు అమ్మకి సముద్రమే లేదు. ఆలోచించుకో.

కోపంలోనూ నీదే అయిన
అక్క


ప్రియమైన అక్కా,

బెదిరింపులకు లొంగను, కానీ వాదనకు జవాబిస్తాను. రేవుల పటాలు సంపాదించాను. ఓడ కదిలే గంటకి రెండు గంటల ముందే మనం వెనక్కి వచ్చేస్తాం. నాన్న మోకాళ్ల కోసం ఎక్కడెక్కడ బెంచీలున్నాయో గుర్తులు పెట్టాను.

మొదటి రేవు చూడు. ఎనిమిదీ పదికి దిగడం. ఎనిమిదీ నలభైకి ఊరి బస్సులో దీపస్తంభం. తొమ్మిదీ అయిదుకి చేపల సంత. తొమ్మిదిన్నరకి పడవలు కట్టేవాళ్ల పేట. అక్కడ కూలివాళ్లతో మాట్లాడతాం, ఎలా అని అడక్కు. పదీ పావుకి కొండమీద కోట. అక్కణ్ణించి చూస్తే సముద్రం ఊరి చుట్టూ నిద్రపోతున్న జంతువులా పడి ఉంటుందట. ఎండలో దాని వీపు మెరుస్తుందట. నాకు గిడ్డంగిలో నిలబడ్డా అదే కనిపిస్తోంది. పార్శిళ్లు తప్పు బుట్టల్లో పడుతున్నాయి. అమ్మ కూర్చుని చూడటానికి పన్నెండు నిమిషాలు కేటాయించాను.

మిగతా మూడు రేవులూ ఇదే పద్ధతిలో వెనక పేజీల్లో ఉన్నాయి. చదివి ఆమోదించు.

పట్టువదలని
తమ్ముడు


ప్రియమైన అగ్గిపెట్టెకి,

నీ ఉత్తరం ఈసారి ఎంత పొందిగ్గా మడిచి ఉంది. అంచుకి అంచు కలిసింది. పుట్టి బుద్ధెరిగాక నువ్వు కాగితం తిన్నగా మడవడం ఇదే మొదలు. బుద్ధొచ్చిందేమో అని ఆశగా విప్పాను.

అమ్మకి పన్నెండు నిమిషాలా? కంపెనీ గొడుగు లాక్కుని నువ్వే పట్టుకున్నావు కదరా.

నేను తప్పుకుంటున్నాను. శుక్రవారం కంపెనీకి రాసేస్తాను.

అక్క


ప్రియమైన అక్కా,

శుక్రవారం లోపు చేరాలని ఇది రిజిస్టర్ పోస్టులో పంపుతున్నాను. కంపెనీకి ఏమీ రాయకు. ముందిది చదువు.

ఆ ఉత్తరం మడిచింది నేను కాదు. షిఫ్టుకి పరిగెత్తుతూ, అంటించకుండానే కవరు బల్లమీద వదిలేశాను. పోస్టులో వెయ్యమని నాన్నకి కేకేసి వెళ్లాను. వంకర మడత అమ్మ కంట పడింది. సరిచేద్దామని విప్పింది. చదివింది. మళ్లీ తిన్నగా మడిచి తనే పోస్టులో వేసింది. వారం రోజులు ఏమీ ఎరగనట్టే షాపుకెళ్లి వచ్చింది.

నిన్న మధ్యాహ్నం నేనూ నాన్నా భోంచేస్తుంటే, షాపులో పాడైతే తెచ్చుకున్న అట్లాసు కాగితం ఒకటి కంచాల మధ్య పరిచింది.

"నాకు పన్నెండు నిమిషాలు ఇవ్వడానికి నువ్వెవడివిరా?" అంది. నాన్నకి పొలమారింది.

అంతా నీ కోసమే కదమ్మా అన్నాను. నీ బస్సుల సంగతీ చెప్పాను. నీ మొదటి ఉత్తరం కూడా చదివించుకుంది. కూరల మాట దగ్గర ఆగింది.

"తోడు లేకపోతే వెళ్లనని నేనెప్పుడన్నాను? మీరు వదలరు," అంది. "అది బస్సులో కూర్చోబెడతానంటుంది, నువ్వు కొండెక్కిస్తానంటావు, మీ నాన్న గడియారం పట్టుకుంటారు. నన్ను అడిగినవాళ్లు లేరు."

అయితే ఏం కావాలో చెప్పమన్నాను. కాగితం మధ్యన వేలు పెట్టింది. మనం మూడోసారి ఆగే రేవు సరిగ్గా మడతలో ఉందక్కా. అక్కడ మడత పడితే పేరులో సగం అక్షరాలు లోపలికి పోతాయి, కుట్టు పడ్డాక ఊరే కనిపించదు. ముప్పై ఏళ్లుగా ఆ ఊరిని మూసేస్తున్నది తనే. అందులో మనుషులు ఏం చేస్తుంటారా అనుకునేదట. బద్దతో గీకేముందు ఒక్క క్షణం ఆగేదట.

"అక్కడ నేనొక్కదాన్నే దిగుతాను," అంది. "దారి తప్పితే తప్పుతాను."

భాష రాదు కదమ్మా అన్నాను.

"వచ్చిన భాషలో ఎవరు విన్నార్రా?"

స్వేచ్ఛ గురించి ఎన్ని కాగితాలు చదివానో నీకు తెలుసు. నాకు సిగ్గేసింది. కోపమూ వచ్చింది, దాన్ని ఎవరి మీద పెట్టాలో తెలియలేదు. నాన్న మాత్రం అన్నం కలుపుతూనే, ఓడ ఆరింటికి కదులుతుంది, ఆవిడ రాకపోతే నేనూ ఎక్కను, అన్నారు. ఆలస్యానికి ఆయన ముందుగా ఒప్పుకోవడం నేనెరిగినంతలో ఇదే మొదలు.

కాబట్టి కొత్త ఏర్పాటు ఇది, రాసింది నేనే కానీ చెప్పింది అమ్మ. మొదటి రేవులో నీ బస్సు, నాన్న మోకాళ్ల కోసం. రెండోదాంట్లో నా నడక, ఓపికున్నవాళ్లకి. నాలుగోదాంట్లో ఎవరూ దిగరు. అమ్మ చెప్పులు విప్పి పైకప్పు మీద కూర్చుంటుంది. నీ కల ఆవిడకి నచ్చింది.

మూడో రేవు అమ్మది. ఏ సందులోకి తిరుగుతుందో, ఎవరి గుమ్మం ముందు ఆగుతుందో, ఎవరి దుప్పట్ల కింది నుంచి తల వంచి వెళుతుందో మనకి తెలియదు. అడగకూడదు. వెనకాల వెళ్లకూడదు, ముఖ్యంగా నేను. నన్ను నువ్వు పట్టుకోవాలి, నాన్న వల్ల కాదు. అందుకైనా తప్పుకోకు.

మూడో రేవులో, సాయంత్రం నాలుగున్నరకి, ఓడ మెట్ల కింద. నువ్వూ నేనూ నాన్నా ముగ్గురం అక్కడుండాలి. ఆవిడ వచ్చేదాకా ఎవరూ మెట్లెక్కొద్దు.

నీ
తమ్ముడు