పాలలా తెల్లబడ్డ ట్యూబు

మంగళవారం, ఆగస్టు 6, 2019
ల్యాబు, మధ్యాహ్నం భోజనం వేళ

వదిన కెలెరాకి,

నీ మరదలు ఉనైసి తల వంచుకుని రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మీ అమ్మా నాన్నా, మా ఇంట్లోవాళ్ళూ అందరూ క్షేమం. నేను క్షేమమని రాయడానికి మొహం చెల్లక ఆ ముక్క వదిలేస్తున్నాను. సువా పట్నంలో నువ్వూ పిల్లలూ బాగానే ఉన్నారని పడవవాళ్ళు చెబుతుంటారు. రొట్టెల దుకాణంలో పనట కదా, నీ చేతుల మీద పొయ్యి వాతలు చూశామన్నారు. రెండేళ్ళుగా ఒక్క ముక్క రాయనిదానికి ఇవాళ ఇంత ప్రేమ ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చిందే అని అనుకుంటావు. అనుకో వదినా. నాలుగు తిట్లు తిట్టుకో కూడా.

ముందు ఊరి కబుర్లు. మీ అమ్మ మోకాలు కాస్త నయం. ఈసారి పనస విరగకాసింది, తినేవాళ్ళు లేక రాలిపోతోంది. ల్యాబుకి కొత్త మెషీన్ వచ్చింది. బియ్యం డబ్బా అంత ఉంటుంది. రక్తం పెట్టినా, మూత్రం పెట్టినా ఏ ప్రోటీన్ ఎంత ఉందో క్షణాల మీద చీటీ అచ్చేసి ఇస్తుంది. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు, అందరం చాప మీద కూర్చుని కొబ్బరిచిప్పలతో కావా వేరు రసం తాగాం. స్టోర్సు చూసే సాకియుసా తాతయ్య మెషీన్ నెత్తిన చెయ్యి పెట్టి, అమ్మా తల్లీ, ఎవరు ఎన్ని చిప్పలు తాగారో మాత్రం చీటీలో వెయ్యకే అన్నాడు. అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వకపోతే బాగుండదని.

కొత్తదాన్ని నమ్మే ముందు, మూత్రంలో యాసిడ్ వేసి ప్రోటీన్ ఉంటే తెల్లబడటం చూసే పాత పద్ధతితో పోల్చి చూడాలి కదా. నిన్న ఆ పని నా నెత్తిన పడింది. ఈ రెండేళ్ళలో యాసిడ్ సీసా నేను ముట్టుకోలేదు, ఏదో వంక పెట్టి ల్యాబులో కుర్రవాళ్ళ చేత చేయించేదాన్ని. నిన్న తప్పలేదు. మూడో ట్యూబులో నాలుగు చుక్కలు వేశానో లేదో, మూత్రం కొబ్బరిపాలలా తెల్లగా విరిగిపోయింది. బయటికొచ్చి కుళాయి దగ్గర కూలబడ్డాను. ఎండ తగిలిందేమో అని అందరూ నీళ్ళు తెచ్చారు.

రుపెనీ మాస్టారు కళ్ళముందు నిలబడ్డారు. బడిలో మనిద్దరికీ ఎక్కాలు నేర్పి, చర్చిలో పాట ఎత్తుకుంటే కిటికీలు అదిరే మనిషి. నడుం నొప్పి, నీరసం అంటూ ఆ శుక్రవారం మూత్రం పరీక్షకి వచ్చారు. రంగు స్ట్రిప్పు ముంచితే ఏమీ మారలేదు. నువ్వు ఊరుకోలేదు, యాసిడ్ వేశావు, ప్రోటీన్ చాలా ఉందని చీటీ మీద మూడు ప్లస్ రాశావు. స్ట్రిప్పూ యాసిడూ పోట్లాడుకుంటున్నాయి, రక్తం సువాకి పంపాలి అని కింద గీత కొట్టి మరీ రాశావు. స్ట్రిప్పుకి దాదాపు ఆల్బుమిన్ అనే ఒక్క ప్రోటీనే కనిపిస్తుందే, యాసిడ్‌కి ఏ ప్రోటీనైనా దొరుకుతుంది అని నాకు ఎన్నిసార్లు చెప్పావు! వింటేగా. రంగు కాగితాల మహారాణి అని నువ్వు నన్ను ఊరికే ఏడిపించలేదు.

నువ్వు పడవ అందుకోవాలని తొందరగా వెళ్ళిపోయావు. చీటీలన్నీ రిజిస్టరులోకి ఎక్కించేది సీనియరుగా నేనే. మాస్టారి పేరు ఎదురుగా ప్రోటీన్ లేదు అని రాశాను. పరీక్ష చేసినవారు అనే గడిలో నీ పేరు రాశాను. ట్యూబు అప్పటికే కడిగేశారనీ, దానిలో ఏదో మురికి ఉండి ఉంటుందనీ, స్ట్రిప్పునే నమ్మాననీ నాకు నేను చెప్పుకున్నాను. తర్వాత అడిగినవాళ్ళకి నీ చీటీ ఏమైందో తెలియదన్నాను.

అయిదు నెలలకి మాస్టారి మూత్రపిండాలు రెండూ పోయాయి, ఆ వెంటే ఆయనా పోయారు. ఎముకల మజ్జలో కాన్సరట, అది తయారుచేసిన ప్రోటీనే అన్నాళ్ళూ మూత్రంలో పోయిందట. ముందే తెలిస్తే ఇంకొన్నేళ్ళు పాడేవారని సువా డాక్టరు అన్నాడు. విచారణకి వచ్చినవాళ్ళు రిజిస్టరు తెరిచి, ఈ పేరెవరిది అని అడిగారు. నాది అన్నావు. నేను మూడు ప్లస్ రాశానండీ అని ఎంత మొత్తుకున్నా చీటీ ఏదమ్మా అన్నారు. నువ్వు నా వైపు చూశావు. నాకు గుర్తు లేదు అన్నాను. ఆ మూడు మాటలు అన్న నోరే ఇది.

నీ ఉద్యోగం పోయింది. అంతటితో అయిపోలేదు. మీ నాన్న, నా మేనమామ, ఇంట్లో ఉన్న ఒక్కగానొక్క తంబువా దించి, ఆ తిమింగలం పన్ను రెండు చేతులా పట్టుకుని మాస్టారి భార్య విలిమైనా గడప దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మా పిల్ల చేతిలో మీ ఇంటి దీపం ఆరిపోయింది, మమ్మల్ని మన్నించండి అన్నాడు. చుట్టాలం అందరం వెంట వెళ్ళాలి కదా, వెళ్ళాం. నేను ఆయన వెనక రెండో వరసలో కూర్చున్నాను. అందరితో పాటు తల దించాను. మేనకోడలు అడిగితే మేనమామ ఇంట్లో ఏదైనా ఇచ్చేస్తారు. నేను అడక్కుండానే ఆయన పరువు పట్టుకుపోయాను. ఛీ, నా బతుకు!

చర్చిలో ముందు వరస ఆయనదేగా. ఇప్పుడు గుమ్మం పక్కన ఆఖరి చాప మీద కూర్చుంటున్నాడు. ముందుకి రమ్మని పాస్టరుగారు పిలిస్తే, ఇక్కడ గాలి బాగా వస్తోందండీ అంటాడు. నాకు మాత్రం ఇప్పటికీ చేపలో పెద్ద ముక్క పంపిస్తాడు.

వదినా, మా పెళ్ళికి అమ్మ ఇచ్చిన తంబువా ఉంది. దాన్ని పోస్టులో పంపితే అది క్షమాపణ కాదు, పార్సెల్. ఈ ఉత్తరం రేపటి పడవలో వస్తుంది, నేను శుక్రవారం పడవలో వస్తాను. ఇలాంటప్పుడు మన తరఫున మేనమామ మాట్లాడాలి. నా మేనమామ మీ నాన్నే. ఆయన్ని ఏ మొహంతో అడగను? అందుకని నేనే మాట్లాడతాను. ఆడది ఒక్కతే వచ్చిందని ఇరుగుపొరుగు నవ్వితే నవ్వనీ. నువ్వు తంబువా అందుకోకపోతే గుమ్మం దగ్గరే కాసేపు కూర్చుని వెళ్ళిపోతాను. తలుపు తియ్యకపోయినా తప్పు నీది కాదు.

ఇట్లు,
వదినా అని పిలిచే అర్హత పోగొట్టుకున్న
ఉనైసి

తా.క. కవరు అంటించి మళ్ళీ చింపాను. ఇంత రాసి కూడా పైన ఒక అబద్ధం మిగిల్చాను.

ట్యూబు ఎవరూ కడగలేదు వదినా. నువ్వు వెళ్ళేసరికి అది నా బల్ల మీదే ఉంది. చేతిలోకి తీసుకుని కిటికీకి ఎదురుగా పట్టుకుని చూశాను. పాలు. వెనక పెట్టిన వేలు కూడా కనబడలేదు. నువ్వు రాసింది నిజమని నాకు తెలుసు. ముందురోజు టీ వేళ, సువా నుంచి వచ్చిన డాక్టరు ముందర, ప్రోటీన్ కొలత సరిచూసే సీసా ఒకదాని బదులు ఒకటి పెట్టావే మరదలా, ఈ లెక్కన ఊళ్ళో అందరి రక్తంలోనూ తిమింగలానికి ఉన్నంత ప్రోటీన్ ఉండాలి అన్నావు. అందరూ నవ్వారు. నువ్వు వదినవి, ఏడిపించే హక్కు ఉన్నదానివి. నాకే అది లోపల ముల్లులా ఉండిపోయింది. రెండో రోజు కూడా నువ్వే గెలవడం ఓర్చుకోలేకపోయాను. అంతే. అంతకన్నా పెద్ద కారణం ఏదైనా దొరుకుతుందేమోనని రెండేళ్ళు వెతికాను, లేదు. ట్యూబు నా చేత్తోనే సింకులో ఒంపాను. చీటీ చింపి ఆ నీళ్ళలోనే వదిలాను. సోమవారం మళ్ళీ పిలిపించి పరీక్ష చేద్దాంలే అనుకున్నాను. సోమవారం చెయ్యలేదు.

ఇప్పుడే పాత రిజిస్టరు తీశాను. మనం ఎప్పుడూ చేసినట్టే, కింద రాత కనబడేలా ఒకే ఒక్క గీత కొట్టాను. లేదు అన్నది కొట్టేసి మూడు ప్లస్ అని రాశాను. పక్కన పొడి అక్షరాలు కాదు, నా పూర్తి పేరు రాసి, ఇవాళ్టి తేదీ వేశాను. సాయంత్రం అది సూపరింటెండెంటుగారి బల్ల మీద ఉంటుంది. రేపు విలిమైనా దగ్గరికి వెళ్తాను. అక్కణ్ణుంచి ఇక్కడి మీ ఇంటికి, మీ నాన్న దగ్గరికి. ఆదివారం మీ నాన్న ఏ చాప మీద కూర్చుంటాడో నేను చూడలేను. అప్పటికి నీ గుమ్మం దగ్గర ఉంటాను.