పచ్చికకు పళ్ళున్న పార

స్వాఫమ్, నార్ఫోక్
అక్టోబర్ 9

మ్యూరియెల్ గారికి,

డెస్మండ్ నమస్కారాలు. మీ మోకాలు కుదుటపడిందనీ, విల్ఫ్రెడ్ పోయిన దగ్గర్నుంచి మానేసిన రాత్రి భోజనం మళ్ళీ మొదలుపెట్టారనీ తలుస్తాను. దగ్గు తప్ప నాకన్నీ బాగానే ఉన్నాయి.

మీ ఆయనలాగే యంత్రంతో నేలలో పాత లోహాలు వెతకడం నేర్చుకుంటానంటూ, ఏ సామాను కొనాలో అడిగారు. పూలకుండీల దగ్గర వాడే చిన్న పార వద్దు, మొదటి రాయికే వంగుతుంది. తుప్పు పట్టని ఉక్కుతో ఒకే ముక్కగా చేసిన పొట్టి పార తీసుకోండి. గుంటలో వస్తువు సరిగ్గా ఎక్కడుందో కూత పెట్టి చెప్పే క్యారెట్ అంత పరికరం ఒకటి కావాలి. మోకాళ్ళకు మెత్తలు మరవకండి. నడుముకు సంచులు రెండు, దొరికిన వాటికొకటి, చెత్తకొకటి. గుంట పూడ్చకుండా వస్తే మాత్రం ఏ రైతూ రెండోసారి గేటు తీయడు.

ఇక నాకు మింగుడుపడని సంగతి. అంచుకు పళ్ళున్న పార ఏది మంచిదని అడిగారు. మనం తవ్వేవన్నీ దున్నిన చేలే, అక్కడ పళ్ళెందుకండీ? అవి పచ్చిక కోయడానికి. గడ్డిని మూడు పక్కలే కోసి, తలుపులా తెరిచి, పని కాగానే మూసేస్తాం. ఈ చుట్టుపక్కల తవ్వనిచ్చే పచ్చిక ఒక్కటే, గూడర్‌హామ్ అమ్మగారి గుర్రాల బీడు. పదకొండేళ్ళుగా అక్కడ అనుమతి విల్ఫ్రెడ్‌కూ నాకూ మాత్రమే. ఇప్పుడు నా ఒక్కడికే.

ఈ ప్రశ్న మీకెవరు నూరిపోశారు? మా లోహాల వేట క్లబ్బులో ఆ బర్నార్డేనా? మొన్న టీ తాగుతూ, "ఏం డెస్మండూ, గుర్రాలకు కూడా మిగల్చకుండా ఆ బీడంతా నువ్వే మేస్తున్నావట!" అని అందరి ముందూ దెప్పాడు. అసలు విల్ఫ్రెడ్ పార మీ షెడ్డులోనే ఉంది, దానికీ పళ్ళున్నాయి, మళ్ళీ కొత్తది దేనికి? పైగా గూడర్‌హామ్ అమ్మగారు నిన్న ఫోన్ చేసి, "మ్యూరియెల్ ఆ ఓక్ చెట్టు మూల తవ్వుకుంటానంటోంది, నీకేం ఇబ్బంది లేదుగా నాయనా?" అన్నారు. పన్నెండెకరాల్లో ఆ మూలే ఎందుకు? నన్నడగకుండా ఆవిణ్ణి ఎందుకడిగారు? మాలో ఒకరి బీడు మీద ఇంకొకరు కన్నేయడం కన్నా పెద్ద తప్పు లేదు. నాకు కోపంగా ఉంది, దాచను. ఎవరినైనా వెంటబెట్టుకొస్తే గేటు దగ్గర నేనే ఉంటాను.

ఇట్లు
విల్ఫ్రెడ్ స్నేహితుడు
డెస్మండ్ థర్టిల్

తా.క.: అంటించిన కవరు మళ్ళీ చింపాను. మీకెవరూ నూరిపోయలేదని నాకు తెలుసు. ఆ మూల సంగతి విల్ఫ్రెడే చెప్పి ఉంటాడు. బంగారమూ, కూల్‌డ్రింక్ డబ్బా తెరవడానికి పీకే రేకూ మా యంత్రంలో ఒకే గొంతుతో కూస్తాయి. మార్చిలో అక్కడ వాడొకటి తవ్వి తీశాడు. కళ్ళద్దాలు ఇంట్లో మరిచాడు. "ఏమిట్రా ఇది, చూసి చెప్పు" అని నా చేతిలో పెట్టాడు. "డబ్బా రేకేరా, పద" అని నా చెత్త సంచిలో వేసుకున్నాను. వాడు ఇంకో మాట అడగలేదు. అది నలిగిన ఉంగరం మ్యూరియెల్ గారూ, పాతకాలపు బంగారం. ఆసుపత్రిలో చివరిసారి చూసినప్పుడూ నోరు విప్పలేకపోయాను. శనివారం దాన్ని మీ ముందూ, గూడర్‌హామ్ అమ్మగారి ముందూ తెచ్చి పెడతాను. పాత బంగారం దొరికితే సర్కారుకు చెప్పాలి కదా, దొరికింది ఎవరికని అధికారులు అడిగితే విల్ఫ్రెడ్ పేరే చెబుతాను. ఆ తర్వాత నన్ను మీ గడప తొక్కనివ్వకపోయినా, ఎందుకని అడగను.