ఖాళీ ఊయల

ప్రభువునందు ప్రియమైన మేనకోడలు ఆరాధనకు,

నువ్వు ఎవరిదో కాన్పుకు తోడుగా దవాఖానాకు వెళ్ళాక, తల్లాడ జాతరలో నీ ‘కాన్పు తోడు’ స్టాల్ నేనే చూసుకున్నాను. కాన్పుకు తోడు కావాలని ఒక్క గర్భిణి అయినా పేరు రాయించుకోకపోతే ఈ పని మానేస్తానన్నావు కదా! అందుకే స్టాల్లో నువ్వు పెట్టిన ఊయల ఊపుతూ మైకులో గంటసేపు గర్జించాను. గర్భిణులంతా తప్పుకుపోయారు.

చివరికి పూలి అవ్వ వచ్చి, "ఖాళీ ఊయల ఊపుతున్నవేంది అయ్యగారూ? గట్లయితే కడుపుతోటి ఉన్నోళ్లు వస్తరా?" అని తన మనవరాలిని అందులో వేసింది. పిల్ల ఏడ్చింది, ఆడవాళ్ళు మూగారు. నిర్గమకాండం తీసి చూడు, పెట్టెలో మోషే ఏడ్చినందుకే ఫరో కుమార్తె కనికరించింది!

పద్నాలుగు పేర్లొచ్చాయి. నీ పేర్ల పుస్తకం కనబడక నా బైబిలు చివరి పేజీల్లో రాశాను. చింపడానికి చేతులు రాక బైబిలే పంపుతున్నాను. ఆదివారంలోగా తిరిగి పంపు తల్లీ, అది లేకుండా ప్రసంగంలో నాకు గొంతు లేవదు.

మీ మామయ్య